గోళ్ళు చూపించండమ్మా

పొద్దున్నే వార్డు డ్యూటీకి పంపేముందు మా విద్యార్థినుల్ని వరుసగా నిలబెట్టి చేతులు చాపమనేదాన్ని. గోళ్ళు, ముడి, బూట్లు, ఇస్త్రీ అన్నీ చూసేదాన్ని. గాజులు, ఉంగరాలు తీయించేదాన్ని. పూల సంగతి సరేసరి. నర్సింగ్ స్కూల్లో ట్యూటర్‌గా ఉన్నన్నాళ్ళూ ఆ తనిఖీ నాదే. దానికి పది మార్కులు.

ఒక వేసవిలో ఒకమ్మాయి మాసిన యూనిఫాంతో వచ్చింది. హాస్టల్లో రెండు రోజులుగా నీళ్ళు లేవని నాకు తెలుసు. అయినా వరుసలోంచి బయటికి పంపేశాను. "చేతులు కడుక్కునే వచ్చాను మేడమ్" అంది. ఆ రోజే రౌండ్స్‌లో పెద్ద డాక్టరుగారి వెనక బేసిన్, తువ్వాలు పట్టుకుని నడిచాను. ఆయన ఒకరి పుండు చూసి, బేసిన్లో వేళ్ళు ముంచి, అదే తువ్వాలుతో తుడుచుకుని పక్క మంచం దగ్గరికి వెళ్ళారు. కోటు చేతుల అంచులు నల్లగా ఉన్నాయి. ఆయన గోళ్ళు ఎవరు చూస్తారు?

వియన్నా ఆసుపత్రి చరిత్ర చాలా ఆలస్యంగా చదివాను. అక్కడ రెండు కాన్పుల వార్డులుండేవి. మొదటిదాంట్లో డాక్టర్లు, వైద్య విద్యార్థులు, రెండోదాంట్లో మంత్రసానితనం నేర్చుకునే ఆడవాళ్ళు పురుళ్ళు పోసేవారు. 1846లో మొదటి వార్డులో తల్లుల మరణాలు నూటికి 11కి పైగా, రెండోదాంట్లో మూడు కూడా లేవు. మొదటి వార్డుకి పంపొద్దని గర్భిణులు కాళ్ళావేళ్ళా పడేవారట. శవాలు కోసిన చేతులతోనే కాన్పులు చేస్తున్నారని సెమ్మెల్‌వైస్ పట్టుకున్నాడు. 1847 మే నెలలో క్లోరిన్ సున్నపు నీళ్ళతో చేతులు కడిగించాడు. 1848కల్లా రెండు వార్డులూ ఇంచుమించు సమానమయ్యాయి. మురికి మగ డాక్టర్ల చేతులది. మరి తనిఖీ మా వరుసలోకి ఎలా వచ్చింది?

1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నైటింగేల్ పేరిట నర్సుల బడి మొదలైంది. ప్రతి విద్యార్థినికీ మేట్రన్ నెలనెలా ఒక పత్రం నింపేది. సమయపాలన, నెమ్మది, నమ్మకం, వార్డు నిర్వహణలతోపాటు ఒంటి శుభ్రత కూడా అందులో ఉండేది, అదీ నడవడిక శీర్షిక కింద! నైటింగేల్‌ని తప్పుపట్టడం తేలికే. చేతులు తరచూ కడుక్కోమని రాసిందీ ఆమే. నర్సంటే తాగుబోతని నవ్వుకునే రోజుల్లో ఆడపిల్లలకి జీతం, గౌరవం ఉన్న పని చూపించాలనుకుంది. ఆ గౌరవానికి ఖరీదు మాత్రం పిల్లల ఒంటి మీదే వసూలైంది.

మన దగ్గర దీనికి కులం తోడైంది. నెత్తురు, మలమూత్రాలు ముట్టుకునే పనికి అగ్రకులాల ఆడవాళ్ళు చాలాకాలం రాలేదు. తొలితరం నర్సుల్లో క్రైస్తవులు, ఆంగ్లో ఇండియన్లే ఎక్కువ. మా అమ్మమ్మ మంత్రసాని. బిడ్డని చేతుల్లోకి తీసుకునేంతవరకే ఆమెకి లోపల చోటు. ఆ తర్వాత గడప బయట నిలబెట్టి చేటలో బియ్యం పోసేవారు. తెల్ల యూనిఫాం తొడుక్కున్న రోజున ఇక నన్నెవరూ బయట నిలబెట్టరనుకున్నాను. నిజంగానే నిలబెట్టలేదు. నేనే ఇంకొకరిని నిలబెట్టాను.

బ్రిటన్‌లో 2008 నుంచి డాక్టర్లకీ పొడుగు చేతుల కోట్లు, చేతి గడియారాలు, టైలు రోగుల దగ్గర నిషేధమయ్యాయి. అది చదివిన వారం, చేతుల శుభ్రతకి ఏడు, బట్టలకి మూడు మార్కులుగా విడగొట్టి, హాస్టల్‌కి నీళ్ళ ట్యాంకర్ కావాలని అడుగుతూ ప్రిన్సిపాల్‌గారికి కాగితం పెట్టాను. మార్కులు మార్చారు. ట్యాంకర్ రాలేదు.