గడప బయటి విస్తరి

హిందూపురం నుంచి పరిగికి వచ్చి బస్సు దిగిన మనిషి మొదట వెతుక్కునేది టీ అంగడిని. చెక్కబెంచీ మీద కూర్చుంటాడు, గ్లాసు అందుకుంటాడు. బెంచీ కింద ఒక కుక్క పడుకొని ఉంటుంది. దానిని ఎవరూ పిలవలేదు, ఎవరూ తరమలేదు. ఉగ్గాని తిన్న వాడు మిగిలిన బజ్జీ ముక్కను కిందికి జారవిడుస్తాడు. అది లేచి తిని, మళ్ళీ అక్కడే ముడుచుకుంటుంది. లోపల పొయ్యి దగ్గరకు మాత్రం పోదు. పోతే ఏమవుతుందో దానికి తెలుసు.

ఇక్కడికి సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో బెంగళూరు ఉన్నది. ఆ నగరపు పేటలలో ఇప్పుడు కుక్కలను వెంటబెట్టుకొని పోదగిన కాఫీ హోటళ్ళు వెలిశాయి. అక్కడ కుక్కకు నీళ్ళగిన్నె వేరు, కొన్నిచోట్ల వంటకాల పట్టికా వేరు. హైదరాబాదులోనూ అటువంటివి వచ్చాయి. ఇది పడమటి దేశాల నుంచి వచ్చిన కొత్త వేడుక అని కొందరు నవ్వుతారు, కొందరు విసుక్కుంటారు. హోటలు కొత్తదే కాని అది లేవనెత్తే ప్రశ్న కొత్తది కాదు. తిండి పెట్టే చోటికి కుక్కను ఎంతవరకు రానివ్వాలి అన్న ప్రశ్న మన సాహిత్యమంత పాతది. ఆ ప్రశ్నకు ఈ నేల ఇచ్చిన జవాబులను వరుసగా చూస్తే, అందులో కుక్క చరిత్ర కంటే మనుషుల చరిత్రే ఎక్కువగా కనిపిస్తుంది.

యజ్ఞశాలలో ఒక కుక్కపిల్ల

పదకొండవ శతాబ్దంలో రాజరాజనరేంద్రుని కోరికపై నన్నయ భారతాన్ని తెలుగు చేయ పూనుకొన్నాడు. ఆ మహాగ్రంథపు మొదటి కథలలోనే ఒక కుక్కపిల్ల కనిపిస్తుంది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి దేవశుని సరమ కొడుకైన సారమేయుడు ఆడుకుంటూ వచ్చాడు. రాజు తమ్ముళ్ళు వాడిని కొట్టి తరిమారు. వాడు ఏడుస్తూ తల్లి దగ్గరకు పోయాడు. తాను హవిస్సును నాకలేదనీ, దానివైపు చూడనైనా లేదనీ ఆ పిల్ల తల్లితో చెప్పినట్లు సంస్కృత మూలంలో ఉన్నది. తప్పు చేయని వాడిని ఎందుకు కొట్టారని సరమ వచ్చి అడిగింది. సభలో జవాబు లేదు. మంచి చెడ్డలు ఆలోచించక బలహీనులకు కీడు చేసేవారికి అనుకోని ఆపదలు వచ్చిపడతాయని చెప్పి ఆమె వెళ్ళిపోయింది. అంత పెద్ద రాజు ఆ మాటకు కలతపడి, దాని శాంతికోసం పురోహితుని వెతుక్కున్నాడు.

అదే భారతం చివర మహాప్రస్థానంలో, తోడు వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానని ధర్మరాజు నిలబడిపోయాడు. ఈ రెండు కథల మధ్యన మొత్తం భారతం ఉన్నది. మొదట కుక్క గడప దగ్గర దెబ్బతిన్నది. చివర గడప దగ్గర ఆగినది మనిషి.

రామాయణంలోనూ ఇటువంటిది ఒకటి ఉన్నది. ఉత్తరకాండ ప్రక్షిప్త సర్గలలో తల పగిలిన ఒక కుక్క న్యాయం కోరి రాముని వాకిలికి వస్తుంది. లోనికి రమ్మంటే, దేవాలయాలలోకి, రాజగృహాలలోకి, బ్రాహ్మణుల ఇళ్ళలోకి ప్రవేశించే అర్హత తమ జాతికి లేదనీ, రాజు అనుమతి లేనిదే గడప దాటననీ అంటుంది. అనుమతి వచ్చిన తరువాతనే లోపలికి పోయి, తనను కొట్టినవాని మీద ఫిర్యాదు చెప్పుకొంటుంది. తన హద్దు తెలిసిన ఆ కుక్కకూ, పరిగి బెంచీ కింది కుక్కకూ పెద్ద తేడా కనిపించదు.

నేల మీద పెట్టిన ముద్ద

కుక్కకు తిండి లేదని మన శాస్త్రాలు ఎన్నడూ అనలేదు. పైగా తప్పక పెట్టమన్నాయి. గృహస్థు నిత్యం చేయవలసిన వైశ్వదేవంలో భూతబలి ఒక భాగం. మనుస్మృతి మూడవ అధ్యాయం ఆ బలి ఎవరికి పెట్టాలో చెబుతుంది. కుక్కలకు, పతితులకు, శ్వపచులకు, పాపరోగులకు, కాకులకు, పురుగులకు అన్నం మెల్లగా నేల మీద పెట్టాలి.

ఆ జాబితాను మరొక్కసారి చదవాలి. కుక్క పక్కన మనుషులు ఉన్నారు. శ్వపచుడు అంటే కుక్కను వండుకొని తినేవాడని అర్థం. అది ఒక మానవసమూహానికి పెట్టిన పేరు. అదే గ్రంథపు పదవ అధ్యాయం, వారు ఊరి బయట ఉండాలనీ, పగిలిన పాత్రలలో తినాలనీ, కుక్కలూ గాడిదలే వారి సొత్తనీ శాసించింది. విద్యావినయాలు గల బ్రాహ్మణునియందు, ఆవునందు, ఏనుగునందు, కుక్కయందు, శ్వపాకునియందు పండితుడు సమదృష్టి కలిగి ఉంటాడని భగవద్గీత చెప్పినది నిజమే. ఆ సమత్వం చూపులో ఉన్నది కాని భోజనపంక్తిలోకి దిగి రాలేదు. కుక్కకు గీసిన గీతనే కొందరు మనుషులకూ గీశారు.

ఈ గీతను ఎదిరించినవారు లేకపోలేదు. పదమూడవ శతాబ్దపు పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో కుక్క చేత వేదం చెప్పించిన శివభక్తుని కథ ఉన్నది. వేదం వినే అర్హత ఎవరికి ఉన్నదన్న వాదానికి ఆ భక్తుడు ఇచ్చిన జవాబు ఒక కుక్క గొంతులో నుంచి వచ్చింది.

పరువి చెరువు, ఆతకూరు రాయి

ఇక మన ప్రాంతానికి వద్దాం. పరిగి పాత పేరు పరువి. పెనుకొండలో దొరికిన గంగరాజు మాధవుని రాగిశాసనం పరువి విషయాన్నీ, అక్కడి పెద్దచెరువు కింద దానమిచ్చిన 65 మడులనూ పేర్కొంటుంది. ఆ శాసనాన్ని చరిత్రకారులు అయిదవ శతాబ్దానికి చెందినదిగా భావిస్తారు. ఈ మడుల వరి మీద ఆనాడు గంగరాజులకు ఏలుబడి ఉండేదన్నమాట.

ఆ గంగవంశంలోనే తరువాతి కాలంలో రెండవ బూతుగుడు రాజైనాడు. రాష్ట్రకూట మూడవ కృష్ణుని పక్షాన తక్కోలం యుద్ధంలో చోళ రాజాదిత్యుని చంపినవాడు ఇతడే. ఆ యుద్ధంలో పరాక్రమం చూపిన తన సేవకుడు మణలేరుని మెచ్చుకొని, ఏమి కావాలో కోరుకొమ్మన్నాడు. మణలేరుడు ఊళ్ళు అడగలేదు, బంగారం అడగలేదు. కాళి అనే వేటకుక్కను అడిగాడు. తరువాత ఆ కుక్క ఒక పెద్ద అడవిపందితో పోరాడింది. పందీ కుక్కా రెండూ చచ్చాయి. మణలేరుడు దాని జ్ఞాపకార్థం ఆతకూరు శివాలయం ఎదుట రాయి నిలిపాడు, దాని పూజకు భూమి కేటాయించాడు. ఇది క్రీ.శ. 949-50 నాటి మాట. కుక్కా పందీ తలపడిన బొమ్మ చెక్కిన ఆ రాయి మండ్య జిల్లా ఆతకూరు నుంచి బెంగళూరు ప్రభుత్వ మ్యూజియానికి చేరింది.

ఆ శాసనంలో నన్ను ఆపిన వాక్యం ఒకటున్నది. ఆ చోటును చూసుకొనే గొరవడు రాతికి పూజ చేయకుండా భోజనం చేస్తే పాపం తగులుతుందట. మనిషి తినగా మిగిలినది కుక్కకు వేయడం లోకంలో వాడుక. ఇక్కడ కుక్కకు జరిగేది జరిగిన తరువాతనే మనిషి విస్తరి ముందు కూర్చోవాలి. ఒక్క చోట, ఒక్క కుక్క విషయంలోనైనా వరుస తిరగబడింది.

గొరవడు అన్న మాట మన సీమలో ఇంకా బతికి ఉన్నది. మైలారలింగని కొలిచే గొరవయ్యలు ఎలుగుబంటి వెంట్రుకల కుచ్చుటోపీ పెట్టుకొని, కంబళి కప్పుకొని, డమరుకం వాయిస్తూ, పిల్లనగ్రోవి ఊదుతూ జాతరలలో కనిపిస్తారు. మైలారుని వాహనం గుర్రమైతే తోడు కుక్క. అందుకే ఆ దేవుని భక్తులు కొన్ని ప్రాంతాలలో తమను స్వామివారి కుక్కలుగా భావించుకొని, నేల మీద ఉంచిన దోనెలలోని పాలూ పండ్లూ చేతులు పెట్టకుండా నోటితోనే తినడం ఒక సేవగా చేస్తారు. నేల మీది తిండి ఒకచోట అవమానం, మరొకచోట ఆరాధన. పెట్టేవాడు ఎవరు, తినేవాడు తనంత తాను వంగాడా, వంచబడ్డాడా అన్నదానిలోనే భేదమున్నది.

పూటకూటి ఇంటి నుంచి హోటలు దాకా

హిందూపురానికి దగ్గరలోని లేపాక్షిలో, పదహారవ శతాబ్దపు వీరభద్రాలయ ప్రాంగణంలో, రాతినేల మీద పళ్ళేలవలె తొలిచిన గుంటలున్నాయి. నడుమ అన్నానికి పెద్ద పల్లం, చుట్టూ కూరలకు చిన్న పల్లాలు. గుడి కట్టిన పనివారు వాటిలో భోజనం చేసేవారని స్థానికులు చెబుతారు. రంగులు కలుపుకొనే పళ్ళేలని మరొక మాట. భోజనపళ్ళేలే అనుకుంటే, ఎత్తి కడగడానికి వీలులేని ఆ కంచాలను పనివారు లేచిన తరువాత ఏ జీవాలు శుభ్రం చేసి ఉంటాయో ఊహించుకోవడం కష్టం కాదు.

డబ్బు తీసుకొని అన్నం పెట్టే ఇళ్ళు తెలుగునాట కాకతీయుల నాటికే ఉన్నాయి. ఓరుగల్లును వర్ణించిన క్రీడాభిరామంలో పూటకూటి ఇల్లు కనిపిస్తుంది. సత్రాలు, పూటకూళ్ళ తరువాత రైలు వచ్చింది, రైలుతో కాఫీ హోటలు వచ్చింది. పెరటిలో విస్తళ్ళు పారవేసే చోటు, ఆ విస్తళ్ళ చుట్టూ కుక్కలు అన్ని కాలాలలోనూ ఉన్నాయి. కుక్కలూ భారతీయులూ రారాదని తెల్లదొరల క్లబ్బుల ముందు బోర్డులుండేవని మన జాతీయోద్యమ జ్ఞాపకం. ఆ జ్ఞాపకం ఇప్పటికీ మనలను మండిస్తుంది. మండించవలసినదే.

అయితే మన హోటళ్ళ సంగతి? 1927 మార్చి 20న డాక్టర్ అంబేద్కర్ మహద్ పట్టణంలోని చౌదార్ చెరువుకు వేలమందితో నడిచి దోసెడు నీళ్ళు తాగాడు. పశుపక్ష్యాదులకు లేని అడ్డు ఆ నీటి దగ్గర ఆ మనుషులకు ఉండేది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్ళను, భోజనశాలలను, బావులను, చెరువులను పేరుపెట్టి చెప్పవలసి వచ్చింది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం ఇంకొక అడుగు ముందుకు వేసి, హోటలులో అందరికోసం ఉంచిన పాత్రలను వాడనివ్వకపోవడాన్ని కూడా నేరం చేసింది. అయినా రెండు గ్లాసుల పద్ధతి పోలేదు. లోపలివారికి ఒక గ్లాసు, బయట నిలబడినవారికి వేరొక గ్లాసు. తాగినవారే దానిని కడిగి, చూరులోనో కిటికీలోనో పెట్టి పోవాలి. ఆంధ్రప్రదేశ్ పల్లెలలో ఆ పద్ధతి ఇంకా సాగుతున్నదని జస్టిస్ పున్నయ్య కమిషన్ 2001 నాటి తన నివేదికలో చెప్పింది.

ఆ గ్లాసులున్న అంగళ్ళలో బెంచీ కింద కుక్క పడుకొనే ఉండేది. బెంచీ మీద కూర్చొనే హక్కు లేని మనిషి బయట, ఎండలో. మనువు నేల మీద పక్కపక్కన పెట్టిన రెండు ముద్దలలో ఒకటి, బెంచీ నీడ దాకానైనా ముందు చేరుకున్నది కుక్కదే.

కొత్త హద్దులు

కుక్క పట్ల భయానికి కారణం లేకపోలేదు. పిచ్చికుక్క కాటు లక్షణాలు బయటపడిన తరువాత బతికి బయటపడినవారు అత్యంత అరుదు. 1885లో పాశ్చర్ టీకా కనిపెట్టాడు. దక్షిణ భారతానికి కూనూరులో 1907లో పాశ్చర్ సంస్థ ఏర్పడింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న మాట మన తాతల తరం నుంచి ఇళ్ళలో భయంగా వినిపిస్తూనే ఉన్నది. ఇప్పుడు చేతికి వేసే కొద్ది సూదులతో ప్రాణం దక్కుతుంది, ఆలస్యం చేయకపోతే. ఆ సూది ఖర్చు, దూరం బరువయ్యేది పేదవానికే. వీధికుక్క గురించి మాట్లాడే దయామయులు ఈ మాట మరువరాదు.

2001లో జంతుజనన నియంత్రణ నియమాలు వచ్చాయి. వాటి స్థానంలో 2023లో వచ్చిన నియమాలు వీధికుక్కలకు తిండి పెట్టే చోటును నిర్ణయించమన్నాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, వీధులలో ఎక్కడపడితే అక్కడ పెట్టరాదనీ, ప్రతి మునిసిపల్ వార్డులో అందుకు ప్రత్యేక స్థలాలు ఏర్పరచాలనీ ఆదేశించింది. అదే సంవత్సరం నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్సు స్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి కుక్కలను తొలగించమన్నది. వేల ఏళ్ళ కిందట నేల మీద మెల్లగా పెట్టమన్న ముద్దకు ఇప్పుడు వార్డు లెక్కన చోటు వెతుకుతున్నాము.

ఒకవైపు మెడకు పట్టీ కట్టిన కుక్కకు నగరపు హోటలులో గిన్నె వచ్చింది. మరొకవైపు పట్టీ లేని కుక్కకు బస్సు స్టాండు నీడ కూడా చట్టం దృష్టిలో హద్దు దాటడమైంది. యజమాని ఉన్న కుక్క అతిథి, లేని కుక్క సమస్య. ఈ వర్గభేదం మనుషులలో మనకు బాగా పరిచయమైనదే.

కుక్కలను రానిచ్చే హోటళ్ళంటే నాకు వ్యతిరేకత లేదు. వంటగది శుభ్రంగా ఉంటే, పక్కవానికి భయం లేకుంటే, ఒక మూగజీవి యజమాని కాళ్ళ దగ్గర కూర్చుంటే నష్టమేమిటి? సారమేయుడిని తన్నినవారి కంటే గిన్నె పెట్టినవారు మెరుగే. కాని ఆ హోటలు గుమ్మం ముందు ఒక్కసారి ఆగి చూడాలనిపిస్తుంది. ఎంగిలి బల్లలు తుడిచే పిల్లవాడు ఎక్కడ కూర్చొని తింటున్నాడు? మరుగుదొడ్లు కడిగే ఆమె టీ తాగేది ఏ గ్లాసులో?

పరిగి అంగడిలో ఇప్పుడు కాగితం కప్పులు వచ్చాయి. తాగినవారందరూ ఒకే బుట్టలో పారవేస్తున్నారు. ఇది సంస్కరణ వల్ల వచ్చిన మార్పా, వస్తువు వల్ల వచ్చిన మార్పా అంటే, ఆ కప్పుల వరకు వస్తువు వల్లనే అనుకుంటాను. బెంచీ మీద ఎవరు కూర్చుంటున్నారు, ఎవరు నిలబడి తాగుతున్నారు అన్నది మాత్రం ఏ కాగితం కప్పూ మార్చలేదు. దానిని మనమే చూసుకోవాలి.