పెరటి మొక్కల పుట్టిళ్ళు

పాదు మీద తీపి గుమ్మడి, గోడవార మిరప, గుమ్మం పక్క బంతి, నూతి దగ్గర బొప్పాయి, దొడ్డి మూల జామ. తెలుగువారి పెరడంటే మన కన్నులకు కట్టే రూపమిది. అయితే వీటిలో ఒక్కటీ శ్రీనాథుడు ఎరిగినది కాదు. అన్నింటికీ పుట్టినిల్లు అమెరికా ఖండాలే.

1498లో వాస్కో డ గామా కోళికోడు తీరం చేరాడు. 1510లో గోవా పోర్చుగీసుల వశమైంది. ఆ ఓడల రాకపోకలతోనే మిరప మన దేశానికి వచ్చింది. అంతకు మునుపు వంటలో కారమంటే మిరియాలు, పిప్పళ్ళు, అల్లమే. మిరియం మలబారు నుండి రావాలి, వెల పెట్టి కొనాలి. మిరప అలా కాదు. పెరట్లో నాలుగు మొక్కలుంటే ఇంటికి సరిపడా కారం. అంగడిలోని కారాన్ని దొడ్డిలోకి తెచ్చింది కనుకనే అది పేదవాని గంజిలోకి కూడా అంత సులువుగా చేరింది.

కొత్తవారిని మన భాష ఆదరించిన తీరు ముచ్చటైనది. మిరప అన్న పేరే మిరియానికి చుట్టం. కొన్నింటికి 'సీమ' అని ముందు చేర్చి ఊరుకున్నారు; సీమచింత అటువంటిదే. మరికొన్నింటికి ఏకంగా దేవుళ్ళ పేర్లే పెట్టుకున్నారు. సీతాఫలం, రామాఫలం రెండూ అమెరికా నుండి వచ్చినవే. టమాటాను రామములగ అనే పెద్దలు నేటికీ ఉన్నారు.

పండుగలూ తలుపులు మూయలేదు. సంక్రాంతి గొబ్బెమ్మ తలపై నిలిచే గుమ్మడి పువ్వు, బతుకమ్మలో తంగేడు, గునుగుల సరసన కూర్చునే బంతి, రెండూ సముద్రం దాటి వచ్చినవే.

తలుపు తీయని చోటు ఒకటున్నది. అది తద్దినపు వంట. మా ఇళ్ళలో ఆనాడు మిరపకాయ పొయ్యి దరికి రాదు, మిరియపు కారమే. టమాటా, బంగాళాదుంప, క్యాబేజీలకు ప్రవేశం లేదు. కంద, చేమ, అరటి, కాకర, పొట్ల వంటివే విస్తరిలో వడ్డిస్తారు. కొన్ని పాత కాయలకూ అక్కడ నిషేధమున్నది కనుక ఆ విస్తరిని అచ్చమైన చరిత్రగా చదువరాదు. అయినను, మిరప రాకమునుపటి వంటరుచి ఎటువంటిదో సంవత్సరానికి ఒక్కసారైనా మన నాలుకకు తెలియజేసే సాక్ష్యం అది.

ఆ సాక్ష్యం తరిగిపోతున్నది. వంట తెలిసిన ముసలమ్మలు వెళ్ళిపోతున్నారు. కొన్ని ఇళ్ళలో తద్దినం స్వయంపాకంతో ముగుస్తున్నది. ఆ కూరల పట్టిక ఏ గ్రంథంలోనూ పూర్తిగా దొరకదు. ఊరికొక తీరు, ఇంటికొక తీరు. మిత్రులారా, మీ ఇంట ఆనాడు ఏ కూర వండేవారో, ఏది నిషిద్ధమో, పెద్దలుండగానే అడిగి వ్రాసిపెట్టండి. నాటు ఏదో, పరాయిది ఏదో తేల్చి ఒకదానిని పెరికివేయడానికి కాదు. ఐదు వందల ఏళ్ళు మన నీరు త్రాగిన మిరప ఇక మనదే. కాని అది రాకముందు ఇక్కడ ఎవరున్నారో తెలియకపోతే, ఎంత మర్యాదగా దానిని ఇంటిలోకి పిలిచామో కూడా మనకు తెలియదు.