పల్నాడులో విడాకులు: పంచాయితీ నుంచి కోర్టు దాకా

పల్నాడు పల్లెల్లో భార్యాభర్తలు విడిపోవడం చట్టం వచ్చాక మొదలైన సంగతి కాదు. శాస్త్రం ప్రకారం హిందూ వివాహం తెగని బంధమే అయినా, కాయకష్టంతో బతికే అనేక తెలుగు కులాల్లో పెద్దల సమక్షంలో దాన్ని తెంచుకునే ఆచారం ఉండేది. ఆ తరవాత ఆడమనిషి మారుమనువు చేసుకోవచ్చు. తప్పెవరిదో పెద్దమనుషులు తేల్చి జరిమానా వేసేవారు. ఓలి (కన్యాశుల్కం) ఇచ్చి చేసుకున్న పెళ్లయితే అది తిరిగి కట్టే విషయం కూడా అక్కడే తేలేది. అప్పట్లో విడాకులకు సిద్ధపడటమంటే తన తరఫున మాట్లాడే నలుగురిని కూడగట్టుకోవడమే. పుట్టింటి బలగం లేని స్త్రీకి అక్కడ న్యాయం దొరకడం కష్టం. నాయకురాలు నాగమ్మ మంత్రిత్వం నెరపిన గడ్డ మీద కూడా తీర్పు చెప్పే పెద్దల్లో సాధారణంగా ఆడవాళ్లు ఉండేవారు కాదు.

ఇంగ్లీషు కోర్టులు ఈ ఆచారాలను కొట్టిపారేయలేదు. స్పష్టంగా రుజువైన ఆచారం శాస్త్రవచనం కన్నా బలమైనదని 1868లో రామనాథపురం జమీందారీ వ్యాజ్యంలో ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. క్రైస్తవుల దారి మాత్రం వేరైంది. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హేయర్ ఆ తరవాత గురజాల ప్రాంతంలోనూ పనిచేశాడు. అలా క్రైస్తవంలోకి మారినందుకు భార్య గాని భర్త గాని వదిలేస్తే ఆ పెళ్లి రద్దు చేయించుకునే వీలు 1866 చట్టం ఇచ్చింది. ఇక క్రైస్తవ వివాహాలకు 1869 విడాకుల చట్టం వర్తించింది. దాని ప్రకారం భార్య వ్యభిచరించిందని భర్త రుజువు చేస్తే చాలు. భార్యకు మాత్రం భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, వదిలేసి పోవడమో కూడా చూపాల్సి వచ్చేది. ఇంత అన్యాయమైన నిబంధన 2001 దాకా చెలామణి అయింది.

హిందువులకు 1949లో మద్రాసు రాష్ట్రం ద్విభార్యత్వ నిషేధ, విడాకుల చట్టం చేసింది. పల్నాడు ఉన్న గుంటూరు జిల్లా అప్పుడు ఆ రాష్ట్రంలోదే. 1955 హిందూ వివాహ చట్టం దాని స్థానంలోకి వచ్చింది, ఆచార విడాకులను మాత్రం 29వ సెక్షన్ కింద అలాగే ఉంచింది. షెడ్యూల్డు తెగలకు ఈ చట్టం నేరుగా వర్తించదు కాబట్టి మాచర్ల వైపు సుగాలి తండాల్లో తెగ ఆచారానికే ప్రాధాన్యం.

చిక్కంతా స్టాంపు కాగితంతో వచ్చింది. పెద్దల ముందు ఇద్దరూ సంతకాలు పెడితే విడాకులు అయిపోయినట్టేనని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తమ కులంలో అలాంటి ఆచారం ఉందని సాక్ష్యంతో నిరూపించలేకపోతే ఆ కాగితానికి విలువ లేదు. సుప్రీంకోర్టు 2002లో ఇదే తేల్చింది. అప్పుడు మొదటి పెళ్లి చట్టం దృష్టిలో నిలిచే ఉంటుంది, రెండో పెళ్లి చెల్లదు. ఆ దెబ్బ ఎక్కువగా తగిలేది రెండో భార్యకే.

అలా మనుషుల సాక్ష్యం నుంచి కాగితాల సాక్ష్యానికి బరువు మారింది. పెళ్లి జరిగిందనడానికి శుభలేఖ, ఫోటోలు సరిపోయే రోజుల నుంచి 2002 ఆంధ్రప్రదేశ్ నిర్బంధ వివాహ రిజిస్ట్రేషన్ చట్టం దాకా వచ్చాం. ఆస్తి దగ్గర పరిస్థితి ఇంకా కఠినం. కూతురికి పసుపు కుంకుమల కింద ఇచ్చే పొలానికి చాలాచోట్ల నోటిమాటే ఆధారం. స్థిరాస్తి దానానికి రిజిస్టరు దస్తావేజు ఉండాలని 1882 ఆస్తి బదిలీ చట్టం అంటుంది. కాపురం చెడ్డాక ఆ పొలం తనదని చెప్పుకోవడానికి చేతిలో ఏమీ లేని స్త్రీలకు ఈ తేడా ఎంత నష్టం చేస్తుందో ఊహించవచ్చు. పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కూతురికి వాటా ఇస్తూ రాష్ట్రం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది, అప్పటికే పెళ్లయినవాళ్లను మాత్రం వదిలేసింది.

పరస్పర సమ్మతి విడాకులు హిందూ వివాహ చట్టానికి చేసిన 1976 సవరణతో వచ్చాయి. ఏడాదిగా విడిగా ఉంటున్న దంపతులు కలిసి అర్జీ పెట్టి, ఆరు నెలలు ఆగి మళ్లీ కోర్టుకు రావాలి. తగిన కేసుల్లో ఆ గడువును మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. 2003 సవరణకు ముందు పెళ్లి జరిగిన చోటనో, భర్త ఉన్న చోటనో, చివరగా కాపురమున్న చోటనో భార్య దావా వేయాల్సి వచ్చేది. ఇప్పుడు హైదరాబాదులో కాపురం వదిలి మాచర్ల పుట్టింట్లో ఉంటున్న స్త్రీ తన ప్రాంతపు కోర్టులోనే వేయవచ్చు. మనోవర్తి అడిగినప్పుడు ఇద్దరూ ఆదాయం, ఆస్తి, అప్పుల వివరాలను ప్రమాణపత్రంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2020 తీర్పు నిర్దేశించింది. వకీలును పెట్టుకునే స్తోమత లేదన్న భయం అక్కర్లేదు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏ స్త్రీకైనా ఉచిత న్యాయ సహాయం అందుతుంది.