మన కేంద్రాల యాభై ఏళ్లు, ఆ నలభై రెండు రోజులు

సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) స్వర్ణోత్సవం సందర్భంగా మన ఆలూరు అంగన్‌వాడీ అక్కచెల్లెళ్లు తెస్తున్న ఈ ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం కావాలని కమిటీ అడిగింది. పాతవాళ్లు రాస్తేనే కొత్తగా చేరిన అమ్మాయిలకు తెలుస్తుందన్నారు. సంతోషంగా ఒప్పుకున్నాను.

1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో ఈ పథకం మొదలైంది. మన పక్క జిల్లా అనంతపురంలోని కంబదూరుకు తొలి విడతలోనే చోటు దక్కింది. మెట్రిక్ పాసైన కార్యకర్తకు నెలకు 150 రూపాయలు, పాసు కానివారికి 100, ఆయాకు 35. ఈ పని చేసేవాళ్లు ఉద్యోగులు కారని, ఊరికి సేవ చేసే గౌరవ కార్యకర్తలని అప్పుడే రాసిపెట్టుకున్నారు. తరవాతి మన కష్టాలన్నీ ఆ ఒక్క నిర్ణయంలోంచి వచ్చినవే.

మన వైపుకు కేంద్రాలు వచ్చిన తొలిరోజుల్లో గది అనేదే లేదు. గుడి మంటపంలో, చావిడిలో, ఎవరో పుణ్యాత్ములు ఇచ్చిన వసారాలో పిల్లల్ని కూర్చోబెట్టేవాళ్లం. తూకం యంత్రాన్ని వేపకొమ్మకు వేలాడదీస్తే, దిష్టి తగులుతుందని తల్లులు బిడ్డల్ని తూచనిచ్చేవాళ్లు కారు. వాళ్లకు నచ్చజెప్పి ఒప్పించింది ఎక్కువగా ఆయాలే. ఆ ఊరి కోడళ్లు, ఆ ఊరి ఆడబిడ్డలు కాబట్టి వాళ్ల మాట చెల్లింది. తరవాత చాలా ఏళ్లు రిజిస్టర్లతో, సర్వేలతో, పోలియో చుక్కలతో, ఎన్నికల డ్యూటీలతో గడిచిపోయాయి. వాటి గురించి ప్రత్యేకంగా చెప్పడానికేమీ లేదు.

పెద్దక్క గురించి మాత్రం చెప్పాలి. మన సంఘానికి పునాది వేసింది ఆమె. ఏడో తరగతి చదువు, చిన్న వయసులోనే భర్త పోయాడు, ఇద్దరు బిడ్డలు. తెలుగూ కన్నడమూ రెండూ ఆమె నోట ఒకే వేగంతో వచ్చేవి. అర్జీ రాయడం మాకు నేర్పింది ఆమే. "కోరుచున్నాము అని రాయండే. వేడుకుంటున్నాము అని రాయొద్దు. మనం ఏం తప్పు చేసినామని వేడుకోవల్ల?" అనేది. చందా రెండు రూపాయలైనా రసీదు ఇవ్వకుండా తీసుకునేది కాదు. హొళగుంద, హాలహర్వి, చిప్పగిరి, ఆస్పరి వైపు నుంచి మీటింగుకు వచ్చినవాళ్లకు ఆఖరి బస్సు తప్పిపోతే వాళ్లింట్లోనే జొన్నరొట్టె, చెనిక్కాయల చట్నీ, పడక. సమ్మె చేయాలన్న మాట ఎవరైనా ఎత్తితే ముందు ఆమె అడిగేది ఒకటే: "నోటీసు ఇచ్చినామా? అందినట్టు సంతకం తీసుకున్నామా?"

ఆ జాగ్రత్త ఎందుకో మాకు మెల్లగా అర్థమైంది. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం ఇచ్చింది. సమ్మె హక్కు ఆ వరసలో లేదని 1962లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2003లో తమిళనాడు ప్రభుత్వం సమ్మెకు దిగిన సుమారు 1.70 లక్షల మంది ఉద్యోగుల్ని తొలగించినప్పుడు కూడా, ప్రభుత్వోద్యోగులకు సమ్మె ప్రాథమిక హక్కు కాదనే కోర్టు అంది. మనం ఆ ఉద్యోగుల లెక్కలోకి కూడా రాము. కర్ణాటక అంగన్‌వాడీ కార్యకర్తల కేసులో, వీళ్లవి సివిల్ పోస్టులు కావని 2006లో తీర్పు వచ్చింది. అది మన హద్దు దాటితే కనిపించే బళ్లారి వైపు అక్కచెల్లెళ్ల రాష్ట్రం నుంచి వచ్చిన కేసు కాబట్టి ఇక్కడ దాని గురించి చాలా రోజులు మాట్లాడుకున్నాం. గుజరాత్ అంగన్‌వాడీ మహిళలు వేసిన కేసులో 2022 ఏప్రిల్‌లో మరో తీర్పు వచ్చింది. మనకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని, ఇచ్చే గౌరవ వేతనం కూడా వేతనమేనని అందులో ఉంది. ఆ కాగితం జిరాక్సు తీసి ఊరూరా పంచాం.

2023 డిసెంబరు 12న సమ్మె మొదలైంది. సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎఫ్‌టీయూ అనుబంధ సంఘాలు మూడూ ఒక్కటై రాష్ట్రమంతా పిలుపునిచ్చాయి. అప్పటికి రాష్ట్రంలో కేంద్రాలు 55,607. అప్పట్లో మన చేతికందేది నెలకు 11,500, ఆయాలకు 7,000. తెలంగాణ కంటే వెయ్యి రూపాయలు ఎక్కువ ఇస్తామన్న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి గారి మాట 2019లో నిలిచింది. 2021లో తెలంగాణ 13,650 చేసినాక మళ్లీ వెనకబడ్డాం. కేంద్ర ప్రభుత్వం లెక్క 2018లో 4,500 దగ్గర ఆగింది ఆగినట్టే ఉంది. 26,000 కనీస వేతనం, గ్రాట్యుటీ, యాప్‌ల భారం తగ్గించడం: ఇవీ మన కోరికలు.

ఆ నెలలు మనకు సుగ్గికాలం, అంటే వలసల కాలం. కురవని వాన, బీడు పడిన చేను. పత్తికీ మిరపకూ గుంటూరు వైపు లారీల్లో, ట్రాక్టర్లలో మన ఊళ్లు ఊళ్లే ఖాళీ అవుతాయి. ముసలివాళ్లూ పసివాళ్లూ మాత్రం మిగులుతారు. ఆ పసివాళ్లకు మధ్యాహ్నం అన్నం, గుడ్డు, పాలు దొరికేది మన దగ్గరే. అట్లాంటి కాలంలో కేంద్రానికి తాళం వేయడం ఎంత బాధో బయటివాళ్లకు చెప్పలేను. సమ్మె శిబిరానికి ఒక జేజి వచ్చి నిలదీసింది. "ఏమ్మా టీచరమ్మా, పాప గుడ్డు గుడ్డని ఏడుస్తాంది. ఎన్నాళ్లు ఇట్ల?" మా దగ్గర జవాబు లేదు. మా ఆయా లేచి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, తన చేతికొచ్చేదెంతో, పన్నెండు నెలల్లో ఎన్ని నెలలు అప్పు చేస్తుందో చెప్పింది. మా కోరికలకు మద్దతుగా కోటి సంతకాల సేకరణ కాగితాలు వచ్చినప్పుడు ఆ జేజి మళ్లీ వచ్చి వేలిముద్ర వేసి పోయింది.

కొన్ని ఊళ్లలో మన తాళాలు పగలగొట్టి కేంద్రాలు తెరిచారు. ఆ తలుపులు మనం జీతం డబ్బుతో రంగు వేయించుకున్నవి. జనవరి 6న అత్యవసర సేవల నిర్వహణ చట్టం (ఎస్మా) ప్రయోగించారు, ఆరు నెలలు సమ్మె నిషేధం. ఆ చట్టం 1971 నాటిది. జీతం అడిగితే గౌరవ కార్యకర్తలు అంటారు, పని ఆపితే అత్యవసర సేవ అంటారు. అత్యవసరమని ఒప్పుకున్నాక దానికి తగ్గ వేతనం ఇవ్వడం న్యాయం కాదా? ఈ ప్రశ్న అప్పుడూ అడిగాం, ఈ సంచికలోనూ అడుగుతున్నాను. జీతంలో కోత పడింది, తొలగిస్తామని నోటీసులు వచ్చాయి. సంక్రాంతి ముగ్గులు శిబిరం ముందే వేశాం. జనవరి 22న విజయవాడకు బయలుదేరినవాళ్లను దారుల్లో ఆపి పోలీసు స్టేషన్లకు తరలించారు. ఆ రాత్రి అప్పటి మంత్రి బొత్స సత్యనారాయణ గారితో చర్చలు జరిగి, 42 రోజుల సమ్మె విరమించాం. పదవీ విరమణ వయసు 62కు పెంపు, విరమణ సాయం కార్యకర్తకు 1.20 లక్షలు, ఆయాకు 60 వేలు, జూలైలో వేతనాల పెంపు అని మాట ఇచ్చారు. ఆ జూలై నాటికి ప్రభుత్వం మారింది. 11,500 మాత్రం మారలేదు.

శిబిరానికి తోడ్పడినవారిని తలుచుకోవడం నా విధి. షామియానా బాడుగ వద్దన్న టెంటు హౌసు యజమాని, రోజూ నీళ్ల క్యాన్లు పంపిన అంగడివారు, పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తెచ్చిన హోటలు దంపతులు, సగం చార్జీకి తిప్పిన ఆటో డ్రైవర్లు, జొన్నలూ కందిబేడలూ ఇచ్చిన మొలగవల్లి, హత్తిబెళగల్, పెద్దహోతూరు, హులేబీడు, కమ్మరచేడు, అరికెర రైతులు, మైకు సెట్టు అబ్బాయి, బీపీ చూసి మాత్రలిచ్చిన డాక్టరు, ఆశా అక్కలు, మునిసిపాలిటీల్లో తామూ సమ్మెలో ఉండి కబురు పంపిన పారిశుధ్య కార్మికులు, రాత్రిళ్లు కాపలా ఉన్న మన అన్నదమ్ములు. వీళ్లందరి పేర్లూ, సమ్మెలో కూర్చున్న మన పేర్లూ సంచిక చివర పట్టికలో ఉంటాయి. ఆ పట్టికలో ఆయాల పేర్లు కార్యకర్తల తరవాత, చిన్న అక్షరాల్లో ఉన్నాయని ప్రూఫు చూసినప్పుడు తెలిసింది. ఊరు వరసన ఇద్దరి పేర్లూ పక్కపక్కన వేయమని చెప్పాను. ఒప్పందంలో ఎట్లాగూ వాళ్లకు సగమే వచ్చింది, మన పుస్తకంలోనైనా ఆ తేడా వద్దు.

పెద్దక్క ఈ సమ్మె నాటికి పదవీ విరమణ చేసి చాలా ఏళ్లయింది. విరమణ రోజున ఆమెకు దక్కింది ఒక శాలువా, ఒక దండ, అంతే. విరమణతోనే సభ్యత్వం పోయింది. తరవాత మనమే జరిపిన ఒక సభలో ఆమెకు వేదిక మీద కుర్చీ వేయలేదు. వెనక వరుసలో కాసేపు కూర్చుని, ఎవరితోనూ ఏమీ అనకుండా బస్టాండుకు నడిచిపోయింది. మళ్లీ మీటింగులకు రాలేదు. ఈ సంచిక మొదటి పేజీలో ఆమె ఫొటో వేయమని కమిటీని అడిగాను. మొదటి పేజీలు అతిథుల సందేశాలతో నిండిపోయాయన్నారు. నాకు బాధ కలిగింది, ఆ మాట ఇక్కడ రాస్తున్నాను.

కొత్తవాళ్లకు ఒక సంగతి. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం అందులో కలిసిపోయాయి. మునుపు ప్రజోపయోగ సేవలకే ఉన్న 14 రోజుల నోటీసు నియమం ఇప్పుడు అన్ని పరిశ్రమలకూ వర్తిస్తుంది. రాజీ చర్చలు నడుస్తున్నప్పుడూ, అవి ముగిసిన ఏడు రోజుల దాకా సమ్మె చేయకూడదు. సగం మంది, అంతకు మించి ఒకే రోజు సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క. మనల్ని ఆ కోడ్ కార్మికులుగా చూస్తుందా లేదా అన్నది మళ్లీ కొట్లాడి తేల్చుకోవాల్సిందే. అందాకా నోటీసులూ, అందినట్టు తీసుకున్న సంతకాలూ, నియామక ఉత్తర్వులూ ప్రతి ఒక్కరూ ఇంట్లో ఒక ఫైలులో పెట్టుకోండి. గ్రాట్యుటీకి అర్జీ పెట్టే రోజున మొదట అడిగేది ఏ తేదీన చేరారని. ఆయాల్లో చాలామంది దగ్గర ఆ కాగితం లేదు. వాళ్లకు ఆఫీసు నుంచి నకలు ఇప్పించే పని ఈ ఏడు సంఘం నెత్తిన వేసుకోవాలి.