కోకో గింజలు పులిసేటప్పుడు వేడి తగ్గకుండా చూసుకోండి

కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల్లో అంతరపంటగా పండించే కోకోకు మంచి ధర రావాలంటే గింజలు సరిగ్గా పులియాలి. వేడి చాలకపోతే గింజ లోపల పలక రంగులో ఉండిపోతుంది, వగరు పోదు. గుజ్జు పులిసేటప్పుడు వేడి దానంతట అదే పుడుతుంది. రెండు మూడు రోజుల్లో అది 45-50 డిగ్రీలకు చేరాలి. మీరు చేయాల్సిందల్లా ఆ వేడి పోకుండా కాపాడటమే.

పాటించాల్సిన పద్ధతులు:

• వెదురు బుట్టలో అరటి ఆకులు పరచి, రసం కారడానికి అడుగున సందులు వదలండి. గింజలు నింపి ఆకులు కప్పండి. 24 గంటల తర్వాత పైన గోనె సంచులు మందంగా కప్పండి.

• గింజలు తక్కువగా ఉంటే చిన్న బుట్ట వాడండి. పెద్ద బుట్టలో పలచగా వేస్తే త్వరగా చల్లారతాయి. వేర్వేరు రోజుల్లో కొట్టిన కాయల గింజలు కలపవద్దు.

• బుట్టను ఈదురుగాలి, వాన తగలని చోట, ఇటుకల మీద ఉంచండి. వర్షాకాలంలో మరో వరుస గోనె సంచులు కప్పండి.

• 3వ, 5వ రోజుల్లో గింజలను బాగా కలిపి, అంచుల్లోవి మధ్యకు తెచ్చి, మళ్లీ కప్పండి.

థర్మామీటర్ లేకపోతే మూడో రోజు గింజల మధ్య చేయి పెట్టి చూడండి. ఎక్కువసేపు ఉంచలేనంత వేడి ఉండాలి. గోరువెచ్చగానే ఉంటే కప్పు పెంచండి.

ఆరో రోజు పూర్తయ్యాక కొన్ని గింజలు కోసి చూడండి. గోధుమ రంగుకు తిరిగి ఉంటే ఎండబెట్టండి. అమ్మోనియా లాంటి ఘాటు వాసన వస్తే పులియడం ఎక్కువైనట్టే. ఇక ఆలస్యం చేయకుండా ఎండలో వేయండి.