రెండు చుక్కల చక్రం

హుబ్బళ్ళిలో మా ఇంట్లో కాగితాలు ఎగిరిపోకుండా పెట్టే ఇనుప పళ్ల చక్రం ఒకటి ఉంది. సిరొంచ నుంచి వచ్చింది. దాని మీద రెండు చుక్కలుంటాయి. ఒకటి కార్ఖానాలో కొట్టింది, గుండ్రంగా నీటుగా ఉంటుంది. రెండోది దాని పక్క పంటి మీద ఎవరో ఉలితో కొట్టింది, వంకర. మేం చదివింది కన్నడ మీడియం, కన్నడలో దీన్ని చుక్కి అంటాం. ఇంట్లో మాత్రం ఎప్పుడూ చుక్కే. ఈ రెండో చుక్క మీద మా ఇంట్లో నలభై ఏళ్లుగా ఒక కథ నడుస్తోంది. ఆ కథ తప్పు అని ఈమధ్యే తెలిసింది, అందుకే రాస్తున్నాం.

ముందు ఊరి సంగతి. సిరొంచ ప్రాణహిత ఒడ్డున ఉంది, ఎదురుగా కాళేశ్వరం. 1860లో నిజాం ఎడమ ఒడ్డు తాలూకాలు ఇంగ్లీషువాళ్లకు ఇచ్చాక, ఎగువ గోదావరి జిల్లాకు సిరొంచే ముఖ్య పట్టణం అయింది. విదర్భ పత్తిని నది మీదుగా సముద్రం దాకా ఆవిరి పడవల్లో దించాలని ఆర్థర్ కాటన్ కాలంలో పెద్ద పథకం వేశారు. దుమ్ముగూడెం, ఇంచంపల్లి, దేవలమర్రి దగ్గర రాళ్లు అడ్డం. డబ్బు చాలా పోసి 1871లో వదిలేశారు. 1874లో జిల్లాయే పోయి సిరొంచ చాందాలో కలిసింది. తర్వాత 1956లో బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్ర. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి జిల్లా. మనోళ్లు ఉన్నచోటే ఉన్నారు, పైన బోర్డులు మారాయి.

ఆ పెద్ద ఇంజన్ల కల పోయిన నదికి చిన్న ఇంజన్లు వచ్చాయి. బెళగావిలో సైకిళ్ల దుకాణంతో మొదలుపెట్టిన కిర్లోస్కర్ల వాళ్లు 1946లో పుణేలో ఆయిలింజన్ల కంపెనీ పెట్టారు. ఇంగ్లండు లిస్టర్ ఇంజన్ల నమూనా పట్టుకుని రాజ్‌కోట్‌లోనూ చాలామంది చేశారు. మా తాత కొన్నది ఐదు గుర్రాలది, పాతది, కంపెనీ పేరు రేకు ఊడిపోయింది. నదిలో నీళ్లుంటాయి గానీ ఒడ్డు ఎత్తు. ఇంజను లేకపోతే మిరపతోట లేదు.

జిల్లా వచ్చిన ఏడు, సంక్రాంతికి ముందు, ఇంజను బుష్షులు అరిగి ఆగింది. మిస్త్రి విప్పి బాగుచేసి బిగించాడు. హ్యాండిల్ తిప్పితే ఇంజను ఎదురు తంతోంది. ఎలాగో స్టార్టయినా నల్లపొగ, నీళ్లు పైపు సగం దాకా వచ్చి ఆగడం. పన్నెండు రోజులు. తోట సగం పోయింది. "ఆ మిస్త్రి మోసం చేశాడు" అని ఇంటి కథ. మా నానమ్మ చివరిదాకా ఆయన పేరెత్తితే మొహం తిప్పుకునేది.

ఇప్పుడు చక్రం సంగతి. ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ షాఫ్టు ఒక చుట్టు తిరగాలి. గాలి లోపలికి రావడం, పొగ బయటికి పోవడం, డీజిలు చిమ్మడం, అన్నీ ఆ షాఫ్టు చెప్పినప్పుడే. అందుకే క్రాంకు గేరు చుక్కను క్యామ్ గేరు చుక్కకు ఎదురుగా పెట్టి బిగిస్తారు. ఉదాహరణకు క్యామ్ గేరుకు 48 పళ్లుంటే, ఒక్క పన్ను తప్పితే క్రాంకు లెక్కలో 15 డిగ్రీలు తప్పినట్టు. డీజిలు పిస్టను పైకి చేరడానికి 20 డిగ్రీల ముందు పడాల్సింది 5 దగ్గర పడుతుంది, లేదా 35 దగ్గర. ఎదురు తన్నిందంటే ముందే పడుతోందన్నమాట.

మిస్త్రి చుక్క మీద చుక్క పెట్టలేదనుకున్నాం. పోయిన దసరాకు మా చిన్నతాతను అడిగితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "చుక్కలు సరిగ్గనే పెట్టిండు బిడ్డా. క్యామ్ గేరు మేమే కొన్నం, అవతలి ఒడ్డుల. జత కొనమని ఆయన చెప్పిండు, మీ తాత ఒక్కటే తెచ్చిండు, పైసలు మిగుల్తయని." వేరే కొలతకు కొట్టిన చుక్క అది. మా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో కూడా ఇదే గొడవ. గుర్తులన్నీ సరిపోయాయి కాబట్టి పాస్ అంటాం, నడిపి చూస్తే నడవదు.

సరిచేసింది కూడా ఆ మిస్త్రే. తిట్లు తిన్నాక పన్నెండో రోజు ఆయనే వచ్చాడట. చుక్కల్ని చూడనే లేదు. రెండు వాల్వుల సందులు సమం చేసి, ఫ్లైవీలు తిప్పి పిస్టనును పూర్తిగా పైకి తెచ్చాడు. పొగ వాల్వు మూసుకుంటూ, గాలి వాల్వు తెరుచుకుంటూ, రెండూ కొద్దిగా లేచి ఉండే చోటు ఒకటుంటుంది. పిస్టను పైనున్నప్పుడే ఆ చోటు రావాలి. రాలేదు. గేరు బయటికి లాగి ఒక పన్ను జరిపి మళ్లీ తొడిగితే వచ్చింది. ఇంకో చుట్టు తిప్పి రెండు వాల్వులూ మూసి ఉన్నాయని చూశాడు. పంపు మీది సన్నపైపు విప్పి డీజిలు ఎక్కడ కదులుతుందో ఫ్లైవీలు మీద కొలిచాడు. ఆ తర్వాతే ఉలి తీసి కొత్త చుక్క కొట్టాడు, మళ్లీ విప్పేవాడు మోసపోకుండా.

ఆ రోజు కూలి అడిగాడా అంటే, అడగలేదట. తాత ఇవ్వలేదట కూడా. కొన్నేళ్లకు కరెంటు మోటారు వచ్చి ఇంజను తూకానికి పోయింది, చిన్నతాత ఈ గేరొక్కటి తీసి దాచాడు. ఎందుకు దాచావంటే, "ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి ఉండె" అన్నాడు. మిస్త్రి పోయి చాలా ఏళ్లయింది. ఆయన కొడుకులు సిరొంచలోనే ఉన్నారట. ఈ వేసవికి వెళ్తున్నాం, చక్రం తీసుకుని.