నగర సమాజ క్షేమంపై ఐటీ ప్రభావం: కొలిచేదెలా? నవాగామ్‌లో ఏం చూడాలి?

కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2021 మార్చిలో విడుదల చేసిన సులభతర జీవన సూచీలో పది లక్షలకు పైబడిన జనాభా గల 49 నగరాలకు ర్యాంకులు ఇచ్చారు. వాటిలో గుజరాత్‌లోని సూరత్‌ది 5వ స్థానం. స్మార్ట్ సిటీ పథకానికి 2016 జనవరిలో తొలివిడతగా ఎంపికైన 20 నగరాల్లోనూ సూరత్ ఉంది. అయితే నగరానికి దక్కిన ర్యాంకు, ఆ నగరంలోని ఒక కార్మికవాడకు అందిన మేలు ఒకటేనా? సూరత్ ఆగ్నేయ భాగంలో డిండోలిని ఆనుకుని ఉన్న నవాగామ్ వంటి ప్రాంతాల విషయంలో ఈ ప్రశ్నకు ప్రాధాన్యం ఉంది.

సమాజ క్షేమం అంటే...

వ్యక్తి ఆదాయం, ఆరోగ్యం మాత్రమే సమాజ క్షేమం కాదు. ఇరుగుపొరుగు మధ్య నమ్మకం, ఆపదలో ఆదుకునే మనుషులు, భద్రత, ప్రభుత్వ సేవలు అందే తీరు, తమ మాటకు విలువ ఉందన్న భావన కూడా అందులో భాగమే. సాంకేతికత ప్రభావాన్ని కొలవాలంటే మూడు అంచెలను విడివిడిగా చూడాలి. మొదటిది అందుబాటు: ఫోను, ఇంటర్నెట్ ఉన్నాయా? రెండోది వినియోగం: వాటిని ఎవరు, దేనికి వాడుతున్నారు? మూడోది ఫలితం: దానివల్ల జీవితంలో ఏం మారింది? కెమెరాలు, యాప్‌లు, వైఫై కేంద్రాలను లెక్కిస్తే తెలిసేది మొదటి అంచె మాత్రమే.

ఇంట్లో ఒక ఫోను ఉన్నంత మాత్రాన అది అందరిదీ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల పురుషుల్లో 57.1 శాతం మంది ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడగా, అదే వయసు మహిళల్లో ఆ వాటా 33.3 శాతమే. కుటుంబాన్ని కాక వ్యక్తిని ప్రశ్నించాలనడానికి ఇదే కారణం.

అధ్యయనాలు చెప్పినవి

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో రాబర్ట్ క్రౌట్ బృందం 73 కుటుంబాలకు చెందిన 169 మందిని, వారు ఇంటర్నెట్ వాడటం మొదలుపెట్టిన తొలి ఒకటి రెండేళ్లలో పరిశీలించింది. ఎక్కువగా వాడినవారిలో ఇంట్లోవారితో మాటలు తగ్గి, ఒంటరితనం పెరిగిందని 1998లో ప్రకటించింది. ఆ తొలి బృందంలోని వారినే మళ్లీ పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో మాత్రం ఆ దుష్ప్రభావాలు చాలావరకు కనిపించలేదు. ఒకసారి చేసిన సర్వేతో తీర్పు చెప్పరాదని దీనివల్ల తెలుస్తుంది.

కేరళ మత్స్యకారులపై రాబర్ట్ జెన్సెన్ చేసిన పరిశోధన 2007లో వెలువడింది. 1997–2001 మధ్య మొబైల్ సేవలు తీరంలోని వేర్వేరు ప్రాంతాలకు వేర్వేరు సమయాల్లో చేరాయి. సేవ ముందుగా వచ్చిన చోటును, ఇంకా రాని చోటుతో పోల్చడం వల్ల ఫోను ప్రభావాన్ని ఇతర కారణాల నుంచి విడదీయగలిగారు. మత్స్యకారుల లాభం సగటున 8 శాతం పెరగగా, వినియోగదారులకు ధర 4 శాతం తగ్గింది. అమ్ముడుపోక పారబోసే చేపల వృథా దాదాపు ఆగిపోయింది. ఒకే మార్పుతో అమ్మేవారికీ కొనేవారికీ మేలు జరిగిందని ఆ లెక్క చూపింది.

సగటు దాచే సంగతి

సులభతర జీవన సూచీలో 70 శాతం మార్కులు జీవన నాణ్యత, ఆర్థిక సామర్థ్యం, సుస్థిరత అంశాలకు, 30 శాతం పౌరుల అభిప్రాయ సర్వేకు కేటాయించారు. దేశవ్యాప్తంగా 32.2 లక్షల మంది ఆ సర్వేలో పాల్గొన్నారు. పౌరుల మాటకు చోటివ్వడం మెచ్చదగినదే. కానీ నగరం మొత్తానికి ఇచ్చే ఒక్క మార్కు ఏ వాడ వెనకబడిందో చెప్పదు.

సూరత్ వలస కార్మికుల నగరం. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడి వస్త్ర పరిశ్రమలో తరాలుగా పనిచేస్తున్నాయి. నగరపాలక సంస్థ పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. బడి ఏడు భాషల్లో నడిచే నగరంలో అభిప్రాయ సేకరణ ఒకటి రెండు భాషలకే పరిమితమైతే, రోజుకు 12 గంటలు మరమగ్గాల మధ్య గడిపే కార్మికుల గొంతు లెక్కలోకి రాదు. ఆన్‌లైన్ సర్వే అయితే, ఇంటర్నెట్‌కు దూరంగా ఉన్నవారే జాబితా నుంచి జారిపోతారు.

నవాగామ్‌లో అడగవలసినవి

రేషన్ కార్డు ఇందుకు మంచి ఉదాహరణ. ‘ఒకే దేశం – ఒకే రేషన్ కార్డు’ విధానం 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్–తెలంగాణ, గుజరాత్–మహారాష్ట్ర జంటలతో మొదలై తరువాత దేశమంతటికీ విస్తరించింది. జాతీయ ఆహార భద్రతా చట్టం కింద కార్డు గలవారు ఎక్కడైనా వేలిముద్రతో ధాన్యం పొందవచ్చు. ఎన్ని ఈ–పాస్ యంత్రాలు పెట్టారన్నది అందుబాటు లెక్క. నెలలో ఎన్నిసార్లు వేలిముద్ర సరిపోలక వెనుదిరిగారు, ఎన్ని పనిగంటలు పోయాయి, చివరికి ధాన్యం ఇంటికి చేరిందా అన్నవి క్షేమపు లెక్క.

అనుబంధాలను సైతం రెండుగా చూడాలి. వీడియో కాల్ వల్ల స్వగ్రామంలోని తల్లిదండ్రులతో బంధం బలపడవచ్చు. అదే సమయంలో పక్కగదివారితో పలకరింపు తగ్గవచ్చు. రెండింటినీ కలిపి ఒకే ప్రశ్నగా అడిగితే లాభనష్టాలు ఒకదానినొకటి కప్పేస్తాయి. ‘అర్ధరాత్రి జ్వరం వస్తే ఈ వీధిలో ఎవరిని పిలుస్తారు?’ అన్న ప్రశ్న, ‘మీరు సంతృప్తిగా ఉన్నారా?’ అన్నదానికంటే ఎక్కువ చెబుతుంది.

కాబట్టి కొలత వార్డు స్థాయిలో, నివాసితుల భాషల్లో, ముఖాముఖిగా జరగాలి. కొత్త సేవ రాకముందు ఒకసారి, వచ్చాక కొన్నేళ్లపాటు అదే ప్రశ్నలు అడగాలి. సేవ ఇంకా చేరని పొరుగు ప్రాంతంతో పోల్చాలి. స్త్రీలు, పురుషులు, అద్దెదారులు, సొంతిల్లు గలవారి సమాధానాలను వేర్వేరుగా ప్రకటించాలి. వ్యక్తిగత వివరాల గోప్యత కాపాడాలి. ఫలితాలను ఆ వాడవారికే ముందుగా తెలియజేయాలి.

నిధుల కేటాయింపు లెక్కలను బట్టే జరుగుతుంది. లెక్కలో లేని వాడకు నగరం ఎంత ఎదిగినా దక్కేది తక్కువే.